ఏడు ‘అవును’లు, ఒక పెన్సిల్ నంబరు

ప్రశ్న

ఉత్తరం రాసినావిడ ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి నర్సు. ఉద్యోగం చేస్తూనే నర్సింగ్‌లో పీజీ చదువుతున్నారు. థీసిస్‌కి ఎంచుకున్న విషయం అందరికీ తెలిసిందే గానీ ఎవరూ పైకి అననిది: బీపీ, నాడి, శ్వాస కొలవకుండానే చార్ట్‌లో అంకెలు వేసేయడం. తమ ఆసుపత్రిలోని 212 మంది నర్సులకు రెండు పేజీల ఫారం పంచారు. ‘పేరు రాయనక్కర్లేదు, వివరాలు గోప్యం’ అని పైన అచ్చు వేయించారు. ఏ వార్డు ఫారాలు ఆ వార్డు ఇన్‌చార్జి పోగుచేసి ఇచ్చారు. 186 తిరిగొచ్చాయి. ‘మీరు ఎప్పుడైనా వైటల్స్ కొలవకుండా తప్పుడు రీడింగ్ రాశారా?’ అన్న ప్రశ్నకు ‘అవును’ దగ్గర టిక్కు పెట్టింది ఏడుగురే. ‘నైట్ డ్యూటీలో ఏం జరుగుతుందో నాకు తెలియదా? నేనూ రాశాను. మూడు రాత్రులైతే బాగా గుర్తున్నాయి’ అంటున్నారు ఆవిడ.

అసలు చిక్కు అది కాదు. ఫారం ఇవ్వనివాళ్లకు గుర్తుచేయడం కోసం ప్రతి ఫారం వెనక, కింది మూలన, పెన్సిల్‌తో సన్నగా ఒక నంబరు వేశారు. ఏ నంబరు ఎవరిదో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఒక సహోద్యోగి దగ్గర నోరుజారితే ఆ మాట నర్సింగ్ సూపరింటెండెంట్ దాకా వెళ్లింది. ‘ఆ ఏడు ఫారాలూ ఇవ్వు. శిక్షలేమీ ఉండవు, కౌన్సెలింగ్ ఇద్దాం’ అని ఆమె రెండుసార్లు అడిగారు. చదువు సెలవు కాగితం మీద సంతకం పెట్టేదీ ఆమే. ఇటు గైడ్ ‘పాచికల పద్ధతిలో మళ్లీ చెయ్యి’ అంటున్నారు, తోటి విద్యార్థి ‘జాబితా పద్ధతి మేలు’ అంటోంది. చేతిలో ఆరు వారాలున్నాయి. ఫారాలు ఇవ్వాలా? మళ్లీ సర్వే చేస్తే ఎలా? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: ‘ఈసారి నా ఫారం కూడా నింపి పెట్టెలో వేయొచ్చా?’

సమాధానం

మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయాయి. ఏడుగురే ఎందుకు ఒప్పుకున్నారన్నది ఒకటి, ఆ ఏడుగురినీ ఏం చేయాలన్నది రెండోది. మీరు మొదటిదాని గురించి ఎక్కువ రాశారు. నేను రెండోదానితో మొదలుపెడతాను. అది తేలకుండా ఏ పాచికలు తెచ్చినా మీ ఆసుపత్రిలో ఎవరూ నిజం చెప్పరు.

‘గోప్యం’ అని రాశారు. ‘పేరు రాయనక్కర్లేదు’ అనీ రాశారు. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఎవరు రాశారో నాకు తెలుసు, కానీ ఎవరికీ చెప్పను అంటే అది గోప్యం. ఎవరు రాశారో నాకే తెలియదు అంటే అది అనామకం. మీ ఫారం చదివిన నర్సుకు అందింది రెండో హామీ. మీ నోట్‌బుక్ ప్రకారం జరిగింది మొదటిది. మీరు మోసం చేయాలనుకోలేదు, గుర్తుచేయడానికి సులువుగా ఉంటుందని వేశారు, నిజమే. కానీ ఫారం నింపినావిడకు మీ ఉద్దేశం కనపడదు, ఆ నంబరే కనపడుతుంది. ఏడుగురే బయటపడడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసే అలవాటు ఉన్నవాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు.

ఇప్పుడు మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఫారాలు ఇచ్చేయడం ఒకటి. సూపరింటెండెంట్ మాట మీద నిలబడి నిజంగా కౌన్సెలింగ్‌తోనే ఆపేశారనుకుందాం. అప్పటికీ జరిగేది ఇది: 186 మందిలో నిజం చెప్పిన ఏడుగురిని మాత్రమే పిలిచి కూర్చోబెడతారు, చేసి కూడా ‘లేదు’ అని టిక్కు పెట్టినవాళ్లు డ్యూటీ చేసుకుంటూ ఉంటారు. ఆ సాయంత్రానికే సంగతి అన్ని వార్డులకూ పాకుతుంది. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో మందుల పొరపాటు గురించి గానీ, సూది గుచ్చుకోవడం గురించి గానీ ఏ ఫారం పంచినా జవాబు ఒకటే వస్తుంది. పైగా రాతపూర్వక హామీని తప్పారు కాబట్టి మీ థీసిస్‌కే ఎసరు.

ఎవరికీ చెప్పకుండా నోట్‌బుక్ చించేయడం రెండో దారి. అడగకముందు అయితే అది మంచి పనే. పై అధికారి రెండుసార్లు అడిగాక చడీచప్పుడు లేకుండా చించితే మాత్రం సాక్ష్యం మాయం చేసినట్టు కనిపిస్తుంది. తర్వాత ఏమి చెప్పినా నమ్మరు.

మూడోది, ఇవ్వనని చెప్పి నోట్‌బుక్‌ని బీరువాలోనే ఉంచడం. ఆ బీరువా ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని అడుగుతూనే ఉంటారు. ఇవ్వడానికి ఏదో ఒకటి ఉన్నంతకాలం ‘లేదు’ అనడానికి రోజూ కొత్తగా ధైర్యం కావాలి. సెలవు కాగితం వాళ్ల టేబుల్ మీద ఉన్నప్పుడు అది ఇంకా కష్టం.

నాలుగోది కాస్త ఇబ్బందికరమైనది. మీ అధ్యయనానికి అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీకి, గైడ్‌కి ఒకే రోజున రాతపూర్వకంగా చెప్పడం: ఫారాల మీద నంబర్లున్నాయి, ప్రోటోకాల్‌లో (మీకిచ్చిన పరిశోధన ప్రణాళికలో) ఆ మాట లేదు, పేర్లతో కలిపే నోట్‌బుక్ నా దగ్గరుంది, ఫలానా తేదీన ఫారాలు అడిగారు, పాల్గొన్నవాళ్లకు ఇచ్చిన హామీ ఇది, నోట్‌బుక్‌ని కమిటీ ఎదుట నాశనం చేయడానికి అనుమతించండి. కమిటీ నుంచి మీకు ఒక మందలింపు రావచ్చు. ఆ సర్వే ఫలితాలు వాడొద్దని కూడా అనొచ్చు. అయితే ఫారాలు ఇవ్వకపోవడం అప్పటి నుంచి మీ మొండితనం కాదు, కమిటీ నిర్ణయం అవుతుంది. సూపరింటెండెంట్‌కి మీరు ‘ఇవ్వను’ అనక్కర్లేదు, ‘కమిటీకి రాశాను, వాళ్ల జవాబు రావాలి’ అంటే చాలు. నేనైతే దీని వైపే మొగ్గుతాను. మందలింపు ఎంత గట్టిగా ఉంటుందో అక్కడి మనుషుల్ని ఎరిగిన మీకే బాగా తెలుస్తుంది కాబట్టి తేల్చుకోవాల్సింది మీరే.

నాశనం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పెన్సిల్ నంబరు రబ్బరుతో చెరిపితే పోదు, కాగితం మీద గాటు మిగులుతుంది, ఏటవాలుగా లైటు వేస్తే చదవొచ్చు. జవాబులు కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఆ మూలలు కత్తిరించి, నోట్‌బుక్ పేజీలతో కలిపి ముక్కలు చేయించండి. కంప్యూటర్ ఫైల్‌లో ఆ నంబరును ఒక కాలమ్‌గా ఎక్కించి ఉంటే ఆ కాలమ్ తీసేసి, వరసల క్రమాన్ని కూడా కలగాపులగం చేయండి. ఎక్కించిన క్రమం నంబర్ల క్రమమే అయితే కాలమ్ తీసినా ఉపయోగం లేదు.

ఒక మినహాయింపు ఉంది. ఫలానా పేషెంటుకు ఫలానా హాని జరిగిందని ఎవరైనా ఫారంలో రాసి ఉంటే లెక్క వేరు, అది కమిటీ చూడాలి. ‘ఎప్పుడైనా’ అన్న ప్రశ్నకు పెట్టిన టిక్కులో అలాంటిదేమీ ఉండదు.

ఇక ఏడుగురే ఎందుకు అన్న ప్రశ్న. జనం అబద్ధాలకోరులని అనుకోవద్దు. మీరు అడిగిన ప్రశ్నకు వాళ్లు జాగ్రత్తగా జవాబిచ్చారు, అంతే. ఆ వాక్యం మళ్లీ చదవండి. ‘తప్పుడు’ అన్న మాట అందులో ఉంది. ‘అవును’ అంటే సర్వీసంతటికీ కలిపి ఒక నేరం ఒప్పుకున్నట్టు. అదీగాక ‘కొలవకుండా రాయడం’ అంటే ఒక పని కాదు, నాలుగైదు పనులు. కొలిచి 126ని 130 చేయడం. ఆరింటికి కొలవాల్సింది ఏడున్నరకు కొలిచి ఆరని వేయడం. ముందు షిఫ్టు అంకెను కాస్త అటూ ఇటూ చేసి దించడం. పేషెంటు నిద్రపోతుంటే ముఖం చూసి అంచనాగా వేయడం. వీటిలో మీరు అడిగేది ఏదో తెలియక, తనది ‘తప్పుడు’ కిందకు రాదని మనసుకు సర్దిచెప్పుకుని ‘లేదు’ అన్నవాళ్లు బోలెడుమంది ఉంటారు. వాళ్లు తమ లెక్కలో నిజమే చెప్పారు.

అందుకని పనిని పనిగా అడగండి, పేరు పెట్టొద్దు. మీకోసం ఒక ముసాయిదా:

‘మీ గత 7 డ్యూటీలను గుర్తుచేసుకోండి. వైటల్స్ రాసేటప్పుడు కింది వాటిలో ఒక్కొక్కటి ఎన్నిసార్లు జరిగింది? జరగకపోతే 0 చుట్టూ సున్నా చుట్టండి. (అ) కొలిచి, దగ్గరి పదికి సర్ది రాయడం. (ఆ) ఆలస్యంగా కొలిచి, కొలవాల్సిన టైమే వేయడం. (ఇ) ముందు రీడింగ్ చూసి దానికి దగ్గరగా వేయడం. (ఈ) కొలవడానికి వీలుకాక అంచనాగా వేయడం.’

ప్రతి వరసలో 0 నుంచి 9 దాకా, ఆపైన ‘10 లేదా ఎక్కువ’ అని అచ్చువేయండి. ‘0, 1-2, 3-5’ లాంటి గదులు పెట్టొద్దు. గదులను చూసి మధ్యలోది మామూలు మనుషులు చేసేదనీ, చివరిది చెడ్డవాళ్లు చేసేదనీ జనం ఊహించుకుంటారు, జవాబు అటు జరుగుతుంది. మద్యం, లైంగిక ప్రవర్తనల మీద అమెరికాలో బ్లెయిర్, సడ్‌మన్ బృందం 1977లో ప్రచురించిన ప్రయోగంలో పొడవైన ప్రశ్న, వాడుక మాట, గదులు లేకుండా అంకె అడగడం ఈ మూడూ కలిసినప్పుడు చెప్పిన పరిమాణాలు బాగా పెరిగాయి. లైంగిక ప్రవర్తన మీద పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కిన్సే ఇంకో అడుగు ముందుకేశాడు. 1948లో వచ్చిన ఆయన అధ్యయనంలో ‘చేశారా’ అని అడగలేదు, చేసే ఉంటారనుకుని ‘మొదటిసారి ఎప్పుడు’ అని అడిగాడు. మీరు అంతదూరం వెళ్లొద్దు. ‘ఎన్నిసార్లు’ అనడంలోనే చేసి ఉంటారన్న ఊహ కొంత ఉంది, పక్కనే 0 కూడా కనపడాలి.

‘రాత్రి పేషెంట్లు ఎక్కువైతే ఇలా జరగడం సహజం’ అని ఓదార్పు మాట ఒకటి పైన రాయమని మీ గైడ్ అంటారేమో. రాయండి, కాని దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. గోప్యత గురించి పేరాలకు పేరాలు రాయడం అయితే బెడిసికొడుతుంది కూడా. అడగని హామీలు గుప్పిస్తే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే, ‘ఇందులో ఏదో ఉంది’ అనిపిస్తుంది. రెండు వాక్యాలు చాలు, అయితే అవి నిజం కావాలి.

మాటల కన్నా ఎవరి చేతికి ఇస్తున్నామన్నదే బరువైన విషయం. 1998లో ‘సైన్స్’ పత్రికలో చార్ల్స్ టర్నర్ బృందం ప్రచురించిన ఫలితం చూడండి. 15 నుంచి 19 ఏళ్ల అబ్బాయిల్లో కొందరిని కాగితం మీద, మిగతావాళ్లను హెడ్‌ఫోన్స్‌లో ప్రశ్న వినిపించే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అడిగారు. మగవాళ్లతో లైంగిక అనుభవం ఉందని కాగితం మీద చెప్పినవాళ్లు 1.5 శాతం, కంప్యూటర్‌కు చెప్పినవాళ్లు 5.5 శాతం. కాగితం కూడా వాళ్లే సొంతంగా నింపినదే. నింపాక ఆ కాగితం ఎవరో ఒకరి చేతికి వెళుతుందని తెలుసు కదా, తేడా అక్కడే వచ్చి ఉండొచ్చు. మీ సర్వేలో ఆ చేయి వార్డు ఇన్‌చార్జిది.

కాబట్టి ఈసారి చేతులే లేకుండా చూడండి. మూత అతికించిన అట్టపెట్టె, పైన సన్నని గాడి. నర్సింగ్ స్టేషన్ దగ్గర కాదు, బట్టలు మార్చుకునే గదిలో పెట్టండి. అందరికీ ఒకే రకం కవరు, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. ఫారంలో ఎక్కడా చేతిరాత పడకూడదు, చుట్టడమే. పాల్గొనడం ఇష్టంలేనివాళ్లు కూడా ఖాళీ ఫారం కవర్లో పెట్టి వేయాలని చెప్పండి. ఇది చాలామంది మరిచిపోతారు. వేసినవాళ్లు, వేయనివాళ్లు కంటికి ఒకేలా కనిపించకపోతే మొహమాటపడి నింపేవాళ్లు అబద్ధమే నింపుతారు. పెట్టె రోజూ తెరవొద్దు. చివరి రోజున, ఆసుపత్రికి సంబంధం లేని మీ కాలేజీవాళ్లొకరు తెరిచి, కవర్లన్నీ కలిపాకే లెక్కపెట్టాలి.

గుర్తుచేయడం సంగతేమిటంటారా? ఫారంతోపాటు పేరున్న ఒక చిన్న చీటీ ఇవ్వండి: ‘నా కవరు వేశాను, మళ్లీ గుర్తుచేయొద్దు.’ దానికి వేరే పెట్టె, వేరే గదిలో. ఏ కవరు ఎవరిదో చీటీ చెప్పదు, ఎవరికి గుర్తుచేయాలో మాత్రం చెబుతుంది. మీ పెన్సిల్ నంబరు చేయాల్సిన పని అంతా ఇది చేస్తుంది.

ఫోన్‌లో ఆన్‌లైన్ ఫారం పెడితే తేలిక కదా అనిపిస్తుంది. మెయిల్‌తో లాగిన్ అడగకుండా చూసుకున్నా, నింపిన సమయం నిమిషాలతో సహా నమోదవుతుంది. రాత్రి 3:10కి వార్డులో ఫోన్ పట్టుకున్నది ఎవరో రోస్టర్ చెప్పేస్తుంది. పోస్టర్ మీద లింకు పెడితే ఒకరే నాలుగుసార్లు నింపవచ్చు. మీ విషయంలో కాగితమే నయం.

ఇంకొకటి. మొదటి పేజీలో వార్డు, వయసు, స్త్రీ పురుషుడు, అనుభవం అన్నీ అడిగారట. ఐసీయూలో 15 ఏళ్ల అనుభవమున్న మగ నర్సు ఎంతమంది ఉంటారు? పేరు రాయనక్కర్లేదన్నది అతని విషయంలో హాస్యం. ఫారం అచ్చువేసే ముందు 212 మందినీ ఆ ప్రశ్నల ప్రకారం పట్టికలో వేసి చూడండి. ఏ గడిలోనైనా ఐదుగురికన్నా తక్కువ మంది పడితే ఒక ప్రశ్న తీసేయండి, లేదా గడులు కలపండి. నా అంచనా, మీకు మిగిలేవి రెండే: ఎక్కువగా చేసేది పగలా రాత్రా, వార్డా ఐసీయూనా.

ఇప్పుడు పాచికలు. మీ గైడ్ చెప్పినది మంచి పద్ధతే, 1965లో స్టాన్లీ వార్నర్ వేసిన విత్తనం నుంచి మొలిచిన కొమ్మల్లో ఒకటి. నర్సు ఎవరికీ కనపడకుండా పాచిక వేస్తుంది. 1 పడితే ఏమైనా సరే ‘లేదు’ అని చుట్టాలి. 6 పడితే ఏమైనా సరే ‘అవును’. 2 నుంచి 5 పడితే నిజం చెప్పాలి. ఏ ‘అవును’ వెనక పాచిక ఉందో ఏది వెనక పని ఉందో మీకు తెలియదు, మొత్తం లెక్క మాత్రం తెలుస్తుంది. ఈ పద్ధతికి అవును, లేదు జవాబున్న ప్రశ్న కావాలి కాబట్టి (ఇ), (ఈ)లను కలిపి ‘గత 7 డ్యూటీల్లో ఒక్కసారైనా’ అని మార్చుకోవాలి. 200 మందిలో 60 ‘అవును’లు వచ్చాయనుకోండి. అందులో దాదాపు 33 పాచిక అనిపించినవి. మిగిలిన 27ని నిజం చెప్పాల్సిన 133 మందితో భాగిస్తే 20 శాతం. ఇందులో ఒక అందం ఉంది. ఆ 200లో నిజంగా చేసినవాళ్లు 40 మంది అయితే, 60 ‘అవును’ ఫారాల్లో 27 ఏ పాపం తెలియనివాళ్లవే. వాటిని ఏ సూపరింటెండెంట్ చేతిలో పెట్టినా సగానికి దగ్గరగా తప్పు మనుషుల్ని పిలవాల్సి వస్తుంది. మీ పరిస్థితిలో ఇది చిన్న సంగతి కాదు.

దీనికి కట్టే మూల్యం ఖచ్చితత్వం. అదే 20 శాతాన్ని 200 మందిని నేరుగా అడిగి తెచ్చుకుంటే అసలు సంఖ్య 14కీ 26కీ మధ్య ఉందని 95 శాతం భరోసాతో చెప్పొచ్చు. పాచికలతో అయితే 10కీ 30కీ మధ్య. నేరుగా అడిగినంత ఖచ్చితత్వం కావాలంటే దాదాపు మూడు రెట్ల మంది, అంటే 590 మంది కావాలి. మీ దగ్గర ఉన్నది 212.

అదైనా అందరూ నియమం పాటిస్తేనే. పాటించరు. ‘నేను చేయని పనికి అవునని ఎందుకు చుట్టాలి?’ అని 6 పడినా ‘లేదు’ చుట్టేవాళ్లు ఉంటారు, అందునా నిజాయితీపరులే ఎక్కువగా. పదిమందిలో ఒకరు పాచికతో పనిలేకుండా ‘లేదు’ చుట్టేస్తే మీ 20 శాతం 15.5కి పడిపోతుంది. 200 మందిలో ‘అవును’లు 33 కన్నా తక్కువ వస్తే లెక్క సున్నా కిందకు వెళుతుంది, మైనస్ శాతం మంది చేశారని థీసిస్‌లో రాసుకోవాలి. ఇది ఊహ కాదు. 2018లో లెస్లీ జాన్, లోవెన్‌స్టైన్ తదితరులు ప్రచురించిన ప్రయోగాల్లో ఈ రకం పద్ధతులు నేరుగా అడిగినదానికన్నా తక్కువ సంఖ్య ఇచ్చిన సందర్భాలున్నాయి. మరీ పాతది 1976 నాటి లొకాండర్, సడ్‌మన్, బ్రాడ్‌బర్న్‌ల అధ్యయనం: తాగి బండి నడిపిన కేసు తమ మీద ఉన్నట్టు రికార్డుల్లో తేలినవాళ్లనే అడిగితే, ఈ రకం పద్ధతిలో కూడా మూడో వంతుకు పైగా కాదన్నారు. మిగతా పద్ధతుల్లో ఇంకా ఎక్కువమంది కాదన్నారనుకోండి.

పాచికలే అంటే రెండు పనులు తప్పనిసరి. అసలు ప్రశ్నకు ముందు ఏ దోషమూ లేని ప్రశ్నతో ఒకసారి ఆడించి చూపండి. 6 పడి ‘అవును’ చుట్టడం అబద్ధం కాదనీ, పక్కవాళ్లను కాపాడడమనీ నోటితో చెప్పండి. కాగితం మీద చదివితే అది తలకెక్కదు.

ఎవరూ ‘అవును’ అననక్కర్లేని ఇంకో పద్ధతి ఉంది, 2008లో యూ, టియన్, టాంగ్ ప్రతిపాదించినది. రెండు వాక్యాలిస్తారు: ‘నా స్నేహితురాలి పుట్టినరోజు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉంది’, ‘గత 7 డ్యూటీల్లో కొలవకుండా రీడింగ్ వేశాను’. రెండింటికీ జవాబు ఒకటేనా, వేరువేరా అన్నదే చెప్పాలి. నర్సు సొంత పుట్టినరోజు మాత్రం వాడొద్దు, అది ఆసుపత్రి రికార్డులో ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ అర్థంకాక ఏదో ఒకటి చుట్టేవాళ్లు దీన్ని పాడుచేస్తారు. ఎవ్వరూ ఆ పని చేయని ఆసుపత్రిలో కూడా ఐదో వంతు మంది గుడ్డిగా చుట్టేస్తే 10 శాతం మంది చేశారని లెక్క వస్తుంది. 2017లో హోగ్లింగర్, డీక్‌మన్ సరిగ్గా ఇదే పట్టుకున్నారు: దాదాపు ఎవరికీ ఉండని విషయాలను ఈ పద్ధతిలో అడిగితే, ఉన్నాయని లెక్క తేలింది. కాబట్టి పెద్ద సంఖ్య వచ్చింది, అంటే నిజం బయటపడింది అని మురిసిపోకండి. ఈ పద్ధతే ఎంచుకుంటే మీ నర్సులెవరికీ ఉండే అవకాశంలేని విషయం ఒకటి అదే తీరులో అడిగి, సున్నా వస్తోందా చూసుకోండి.

జాబితా పద్ధతి గురించి రెండు మాటలే. సగం మందికి నాలుగు మామూలు వాక్యాలు, సగం మందికి అవే నాలుగూ ప్లస్ అసలు వాక్యం ఇచ్చి, ‘ఏవో చెప్పొద్దు, ఎన్ని నిజమో చెప్పండి’ అని సగటుల తేడా తీస్తారు. వేలమంది ఉన్నచోట బాగుంటుంది. మీకు రెండు వైపులా వందేసి మంది. మామూలు వాక్యాల జవాబుల్లోని ఎగుడుదిగుళ్లే మీ తేడాను మింగేస్తాయి: 20 శాతం అని వచ్చినా దాని చుట్టూ 29 పాయింట్ల అనిశ్చితి ఉండొచ్చు, అంటే సున్నా కింద నుంచి సగం దాకా ఏదైనా కావచ్చు. దాన్ని 10 పాయింట్లకు దించాలంటే సుమారు 1,700 మంది కావాలి. మీ స్నేహితురాలికి ఈ అంకె చూపించండి.

కాబట్టి ఆరు వారాల్లో మీకు సాధ్యమైనవి మూడు. మళ్లీ సర్వే చేయకుండా, ‘అడిగిన తీరు వల్ల 186లో ఏడుగురే’ అని ఆ లోపం మీదే థీసిస్ రాయడం. ఇది నిజాయితీగలది, పరీక్షకులు మాత్రం పెదవి విరవవచ్చు. లేదా పెట్టె, కొత్త ప్రశ్న, నేరు జవాబు. లేదా పెట్టెకు తోడు పాచికలు. పెన్సిల్ నంబరు కథ వార్డులన్నిటికీ పాకి, మీ మాట మీద నమ్మకం పూర్తిగా పోయిందనిపిస్తే మూడోది, ఎందుకంటే పాచిక మిమ్మల్ని నమ్మమని అడగదు. అంత దూరం పోలేదనిపిస్తే రెండోదే. సగం మందికి ఒకటి, సగం మందికి ఒకటి అని పోల్చబోకండి, వందేసి మందితో ఏదీ తేలదు.

రెండింట్లో ఏది చేసినా కొత్త ఫారంతోపాటు ఇది చెప్పాలి: ‘గత ఫారాల మీద నంబర్లుండేవి. అవి ఎవరికీ ఇవ్వలేదు, ఫలానా తేదీన కమిటీ ఎదుట నాశనం చేశాం.’ నాశనం జరిగాకే ఈ వాక్యం రాయండి. కొందరు మండిపడతారు, కొందరు పాల్గొనరు. చెప్పకపోతే అందరూ పాల్గొంటారు, ఎవరూ నిజం చెప్పరు. అచ్చువేసే ముందు వేరే ఆసుపత్రిలోని ఎనిమిది, పది మంది నర్సులతో ప్రశ్నలు చదివించి, ఒక్కొక్కటీ తనకేమర్థమైందో సొంత మాటల్లో చెప్పించుకోండి. (ఇ)కి, (ఈ)కి తేడా ఎవరికీ తెలియడం లేదంటే అక్కడే తెలుస్తుంది.

ఎవరినీ అడగకుండా దొరికే సాక్ష్యం కూడా మీ చేతికి అందేంత దూరంలోనే ఉంది. చేత్తో గాలికొట్టే బీపీ యంత్రం మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి. నిజంగా చూసి రాస్తే చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఒక్కోటి సుమారు ఐదో వంతు రావాలి. 300 రీడింగుల్లో సున్నాలు 60 దగ్గర ఉండాలి, 200 ఉంటే ఏదో జరుగుతోంది. శ్వాస కాలమ్ చూడండి, వార్డంతా 20 అని ఉంటే ముప్పై మంది ఒకే లయలో ఊపిరి తీయడం లేదు. అయితే సున్నాలు కొలిచి సర్దినవో, కొలవకుండా వేసినవో ఈ లెక్క చెప్పలేదు. సర్వేలో (అ), (ఈ) విడిగా అడిగేది అందుకే. చార్టులు వాడడానికి కమిటీ అనుమతి వేరేగా తీసుకోండి. అంకెలు ఎక్కించేటప్పుడు సంతకాల కాలమ్ మీద ఒక అట్టముక్క పెట్టుకోండి, మీకు కూడా కనపడకూడదు.

సూపరింటెండెంట్‌తో ఒకసారి కూర్చోండి. ఆ ఏడుగురి పేర్లు ఆమెకు తెలిసినందువల్ల ఏ పేషెంటుకూ మేలు జరగదు. ఏ షిఫ్టులో ఎక్కువ జరుగుతోంది, అప్పుడు ఒక్కో నర్సుకు ఎంతమంది పేషెంట్లు, పనిచేసే బీపీ యంత్రాలు ఎన్ని అన్నవి ఆమె మార్చగలిగినవి. అవి ఇస్తానని చెప్పండి. వార్డులవారీ పట్టిక, పదిమంది కన్నా తక్కువ ఉన్న ఏ గుంపు అంకె ఇవ్వనని కూడా ముందే, సర్వేకు ముందే, రాసి ఇవ్వండి. ఫలితాలొచ్చాక చెబితే దాస్తున్నట్టు ఉంటుంది.

మీ వార్డులో ఫారాలు మీరు పంచొద్దు. అక్కడ మీరు పరిశోధకురాలు కాదు, రేపటి డ్యూటీలు వేసే ఇన్‌చార్జి. కాలేజీ నుంచి ఎవరినైనా పంపించుకోండి.

ఇక మీ ఫారం. వేయొద్దు. ప్రశ్నలు రాసినావిడ జవాబులు చెప్పేవాళ్లలో ఉండకూడదు. అయితే మీ ఉత్తరంలో ఆ మూడు రాత్రుల్లో ఒకదాని గురించి ఒక వాక్యం ఉంది: ముందు అంకె వేసుకుని, తర్వాత వెళ్లి కొలిచి సరిచేద్దామనుకున్నారు, ఈలోగా ఇంకో పేషెంటుకు ఆయాసం వచ్చింది, తెల్లారిపోయింది. పైన నేనిచ్చిన ముసాయిదాలో ఆ వరస లేదు. (ఉ)గా చేర్చండి.